పసుపు గీత

సర్వీస్ సెంటర్‌లో టై కట్టుకున్న ఆ కుర్రాడు బండి కిందికి వంగి కూడా చూడలేదు. షెడ్డు ముందు యాభై అడుగులు నడిపాడు, బ్రేకు తొక్కాడు, మళ్ళీ యాక్సిలరేటర్ ఇచ్చాడు. వెనక సీటు కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు 'టక్' మంది. దిగి తలుపు వేసి, బండి ఓనరు జయకృష్ణతో ఇంగ్లీషులో ఏదో మాట్లాడి, ఆ తర్వాత అక్కడున్న అందరికీ వినబడేలా తెలుగులో చెప్పాడు.

"డిఫరెన్షియల్ పోయింది సార్. ఈ డ్రైవర్లు క్లచ్ ఒక్కసారిగా వదిలేసి లాగుతారు కదా, అందుకే. మొత్తం మార్చాలి. పార్టు బయటి దేశం నుంచి రావాలి, నెలన్నర పడుతుంది."

సిద్దిరాములు పక్కనే ఉన్నాడు. పదిహేడేళ్ళుగా స్టీరింగ్ పట్టుకుని బతుకుతున్నవాడు. ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు పంచే ఆ ఇనుప పెట్టె పోతే ఎట్లా ఏడుస్తుందో అతనికి తెలుసు. అది గుయ్యిమంటుంది, ఇట్లా టక్కుమనదు. ఈ చప్పుడు పెట్టెది కాదు. పెట్టెను పట్టుకుని ఉండే రబ్బరు బుష్‌లది.

"సార్, పెట్టె మంచిగనే ఉంది. బుష్‌లు పోయినయ్. రబ్బర్లు అరిగితే పెట్టె ఊగి తగుల్తది, గంతే."

"నువ్వు మెకానిక్‌వా?" అని నవ్వాడు కుర్రాడు.

"సిద్దిరాములూ, నువ్వుండవయ్యా," అన్నాడు జయకృష్ణ.

తిరుగు ప్రయాణంలో జయకృష్ణ తాళాలు తనే తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. సిద్దిరాములుకి వెనక సీటు మిగిలింది. మేడ్చల్‌లోని తమ కాలనీ దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా జయకృష్ణ బండిని పసిపిల్లను దింపినట్టు దింపాడు. అయినా గేరు మార్చినప్పుడల్లా టక్కుమంటూనే ఉంది. మోగిన ప్రతిసారీ ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. వెనక సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నవాడే అక్కణ్ణుంచి ఏదో చేస్తున్నట్టు ఆ చూపు. సిద్దిరాములుకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున ఎనిమిదింటికి అదే కాలనీలో ఉండే పెద్దాయన పట్టాభిరామయ్యగారిని యాప్రాల్‌లో ఫిజియోథెరపీకి తీసుకుపోవాలి. సిద్దిరాములు ఆ కాలనీలో యాక్టింగ్ డ్రైవరు. అంటే ఏ ఒక్కరి దగ్గరా నెలజీతం మీద ఉండడు, ఎవరు ఎప్పుడు పిలిస్తే వాళ్ళ బండి తోలుతాడు. నాలుగైదు ఇళ్ళు అతని మీదే ఆధారపడి ఉన్నాయి, అతను వాళ్ళ మీద ఆధారపడి ఉన్నాడు. అలియాబాద్ నుంచి బైకు మీద వచ్చి గేటు దగ్గర ఆగగానే సెక్యూరిటీ లత చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, పెద్దసారు ఇయ్యాల రావద్దన్నడు."

"ఎందుకు? పానం బాగలేదా?"

లత సూరారం పిల్ల. మొహం మీద ఏదీ దాచుకోలేదు. గేటు దగ్గర కాలనీ వాళ్ళు ఇచ్చిన ఫోను తీసి, అటూ ఇటూ చూసి, కాలనీ వాట్సాప్ గ్రూపులో రాత్రి వచ్చిన మెసేజ్ చదివి వినిపించింది. "అందరికీ నమస్కారం. మన కాలనీకి వచ్చే యాక్టింగ్ డ్రైవర్ సిద్దిరాములు ర్యాష్ డ్రైవింగ్ వల్ల మా కారు డిఫరెన్షియల్ పూర్తిగా పాడైంది. ఇకముందు బండి ఇచ్చేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి. జయకృష్ణ, విల్లా ముప్పై నాలుగు."

కింద వరుసగా దండాలు, థాంక్యూలు. ఎవరో 'మా గేర్‌బాక్స్ కూడా ఇతనే నడిపాక' అని రాశారు. వాళ్ళ బండి సిద్దిరాములు జన్మలో ముట్టలేదు.

తల కొట్టేసినట్టయింది అతనికి. పదిహేడేళ్ళలో ఒక్క గీత పడనియ్యలేదు ఏ బండికీ. అదంతా నాలుగు వాక్యాల్లో పోయింది. బైకు అక్కడే వదిలేసి ముప్పై నాలుగుకి నడిచాడు. జయకృష్ణ వరండాలో కాఫీ తాగుతున్నాడు. భార్య శ్రీలేఖ కుండీలకు నీళ్ళు పోస్తోంది.

"సార్, గ్రూపుల నా పేరు రాసిన్రు."

"చూడూ, పర్సనల్‌గా తీసుకోకు. మిగతావాళ్ళు జాగ్రత్తపడాలని రాశాను."

"పర్సనల్ గాకుంటె ఏంది సార్? పేరు నాదేనాయె." గొంతు లేచింది. "రేపు, ఎల్లుండి, రెండు రోజులియ్యుండ్రి. మీ ఇంటి ముందట్నే ఇప్పి సూపిస్త. పెట్టె పోయుంటే ఈ కాలనీల మల్ల అడుగు వెట్ట. బుష్‌లే అయితే మీరు నలుగుర్ల అన్న మాట నలుగుర్లనే వాపస్ తీస్కోవాలె."

అది అలియాబాద్‌లో వాళ్ళ కులపోళ్ళ కట్టుబాటు. ఒకణ్ణి పదిమంది ఎదుట తిడితే, తప్పని తేలాక ఆ చోటనే, ఆ మనుషుల ఎదుటనే నిలబడి ఆ మాట వాపసు తీసుకోవాలి. ఇంటికి పోయి చెవిలో చెబితే లెక్కలోకి రాదు. జయకృష్ణకి ఈ సంగతేమీ తెలియదు. అతను ఆలోచించింది వేరు. పార్టు కోసం నెలన్నర ఆగాలి. పైగా ఇంట్లోనే బండి బాగుచేసుకునే వీడియోలు తీసి నెట్‌లో పెట్టాలని అతనికి ఎప్పటినుంచో సరదా.

"సరే, చెయ్యి. నేను వీడియో తీసుకుంటా," అన్నాడు.

*

శనివారం పొద్దున్నే సిద్దిరాములు బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చాడు. మొగులయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. వలలు లాగిన చేతులు, మాట తక్కువ. బైకు వెనక చేపల ఐసు పెట్టె కట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర లత రిజిస్టర్ రాసుకుంటూ "ఎవలన్నా ఈయన?" అంటే "మనోడే" అన్నాడు సిద్దిరాములు. ఆ పెట్టెలో చేపలు లేవు. కొట్టిన ఐసు, దొడ్డుప్పు, వాటి మధ్యన పాలిథిన్ కవర్లో చుట్టి రాణిగంజ్‌లో తెచ్చిన మూడు కొత్త బుష్‌లు. ఉప్పు కలిపిన ఐసులో రాత్రంతా ఉంటే బుష్ ఇనుప తొడుగు వెంట్రుకంత ముడుచుకుంటుందని, అప్పుడు అది కూర్చునే గూట్లోకి సులువుగా దిగుతుందని మొగులయ్యే చెప్పాడు. పడవ ఇంజన్ బేరింగు అతను అట్లాగే ఎక్కిస్తాడు.

జాకీ ఎత్తి, స్టాండ్ల మీద బండి కూర్చోబెట్టి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఇద్దరూ కిందికి దూరారు. సిద్దిరాములు రెండో జాకీని పెట్టె కింద ఆనించి, ఇరుసులు విప్పి, బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టాడు. మొదటి బోల్టు మొరాయించింది. పానాకి పైపు ముక్క తొడిగి ఇద్దరూ కలిసి లాగితే కీచుమని లొంగింది. పెట్టె జాకీ మీద నెమ్మదిగా కిందికి దిగింది.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం," అని జయకృష్ణ ఫోనుతో వంగాడు. "ఇప్పుడేం చేస్తున్నావో చెప్పు. కెమెరా వైపు చూసి చెప్పు."

"బోల్టు ఇప్పిన సార్."

"అలా కాదు. 'ఫ్రెండ్స్, ఇప్పుడు మనం' అని మొదలుపెట్టు."

సిద్దిరాములు పళ్ళు కొరుక్కున్నాడు. తన పరువు తేల్చుకోవడానికి నేల మీద వెల్లకిలా పడి ఉంటే ఈయనకి ఫ్రెండ్స్ కావలసి వచ్చారు. ఆ కోపంలోనే ఇనుము కోసే యాక్సా బ్లేడు అందుకుని పెద్ద బుష్ గుండెలోకి దింపాడు. రబ్బరు కోసి, ఇనుప తొడుగును లోపలినుంచి చీల్చి, ఉలితో రెండు ముక్కలుగా బయటికి తన్నాడు. మిగతా రెండు చిన్నవి కూడా అంతే వేగంగా పోయాయి.

"సార్, ఇగో సూడుండ్రి." బయటికి పాక్కుంటూ వచ్చి ముక్కలు జయకృష్ణ అరచేతిలో పెట్టాడు. రబ్బరు పగుళ్ళిచ్చి, నూనె తాగి, వేలితో నొక్కితే రాలిపోతోంది. "ఇది ఒక్క దినంల పోయింది గాదు. ఏండ్ల సంది నానుతున్నది. క్లచ్ గిట్ల ఇడిస్తే రబ్బరు గిట్ల నానుతదా? పెట్టె జూడుండ్రి, చేత్తో తిప్పితే సప్పుడు లేకుంట తిరుగుతాంది. ఇగ రాయుండ్రి గ్రూపుల."

జయకృష్ణ ముక్కను తిప్పి చూశాడు. ఫొటో తీసుకున్నాడు. "ఫిట్టింగ్ అవనీ. సౌండ్ పోయాక రాస్తా. ఇప్పుడే రాసి, రేపు మళ్ళీ మోగితే?"

అందులోనూ న్యాయం లేకపోలేదు. అందుకే సిద్దిరాములుకి ఇంకా మండింది.

కొత్త పెద్ద బుష్‌కి ఒక దిక్కుంది. రబ్బరు ఒక పక్క దళసరి, రెండో పక్క బోలు. అంచు మీద చిన్న బాణం గుర్తు. పెట్టె బరువు దళసరి వైపు పడాలి. మొగులయ్య ఐసులోంచి బుష్ తీసి గుడ్డతో పట్టుకుని అడిగాడు.

"బావా, ఈ బాణం ఎటు దిక్కుండాలె?"

సిద్దిరాములు ఆగాడు. కోసిన ముక్కలు జయకృష్ణ ఫొటోల కోసం ఎండలో పరిచి ఉన్నాయి. ఏ ముక్క ఎటు వైపుదో ఇప్పుడు దేవుడికెరుక. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, గూటి అంచు మీద పసుపు మార్కరుతో గీత గీశాడు.

"గీ గీతకు."

"పక్కానా?"

"జల్దీ పట్టు మొగులూ. వేడెక్కుతాంది."

మరలున్న పొడుగు కడ్డీ, రెండు మందపు బిళ్ళలు, సూరారంలో లేత్ మీద కోయించిన పైపు ముక్క. అదే వాళ్ళ మిషను. సబ్బు నీళ్ళు రాసి, కడ్డీ దూర్చి, సిద్దిరాములు నట్టు తిప్పుతుంటే మొగులయ్య బుష్‌ను గీతకి సరిగ్గా బిగించి పట్టుకున్నాడు. బొటనవేలు గోరు తెల్లబడింది. ఐసు చెమ్మ మోచేతి దాకా కారింది. చివరికి బుష్ గూట్లో కూర్చుంది. అన్నీ బిగించి బండి కిందికి దింపేసరికి సాయంత్రం అయింది.

అది కాలనీ వాళ్ళు నడకకు బయల్దేరే వేళ. పట్టాభిరామయ్యగారు చేతికర్రతో వచ్చి ముప్పై నాలుగు ముందు ఆగారు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. శ్రీలేఖ గుమ్మంలోకి వచ్చింది. లత గేటు వదిలేసి వచ్చి దూరంగా నిలబడింది. జయకృష్ణ ఫోను పైకెత్తాడు.

సిద్దిరాములు గేరు వేసి నెమ్మదిగా కదిలించాడు.

టక్.

మళ్ళీ వెనక్కి వేశాడు. టక్. మునుపటికంటే గట్టిగా.

పట్టాభిరామయ్యగారు కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. అంతే. జయకృష్ణ "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" సిద్దిరాములు నడినెత్తి మీద పడింది. తలుపు తోసుకుని దిగి నేరుగా మొగులయ్య మీదికి పోయాడు.

"బుష్ కదిలిచ్చినవ్ గదరా! గీతకు పట్టమంటే ఎటు పట్టినవ్? సోయి ఉండే పట్టినవా? సేపలు పట్టెటోన్ని దెచ్చి బండి కింద పండవెట్టుడు నాది బుద్ధి తక్కువ. నా పరువు దీసినవ్!"

మొగులయ్య చేతులు తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం ఆపి బావ మొహంలోకి చూశాడు.

"నువ్వు గీసిన కాడ్నే పట్టిన బావా. ఇసుమంత కదలలె."

"మల్ల మాట్లాడుతవా?"

మొగులయ్య ఐసు పెట్టెలోని నీళ్ళు కాలువలో ఒంపి, పెట్టెను బైకుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. జయకృష్ణ పట్టాభిరామయ్యగారితో అంటున్నాడు. "అదేనండీ, తెలియనివాణ్ణి తెచ్చి పెట్టుకుంటే ఇలాగే అవుతుంది."

సిద్దిరాములు ఆ మాట విన్నాడు. కాదనలేదు.

*

ఆదివారం పొద్దున ఒక్కడే వచ్చాడు. మళ్ళీ జాకీ, మళ్ళీ స్టాండ్లు. వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు.

బుష్ మీది బాణం అతని పసుపు గీత మీదే ఉంది. సూది మొనంత కూడా పక్కకు పోలేదు. అంత చల్లటి ఇనుమును, అంత ఒత్తిడిలో, ఆ వేళ్ళు అక్కడే పట్టుకుని ఉంచాయి.

గుడ్డ డీజిల్‌లో ముంచి గూటి అంచు చుట్టూ తుడిచాడు. ఏళ్ళ మట్టి కరిగి కిందికి కారింది. పాత బుష్ అంచు ఆనిన చోట మట్టి పట్టని అచ్చు తెల్లగా బయటపడింది. ఆ అచ్చులో బాణం ఆకారం కూడా ఉంది. అతని గీతకు పూర్తిగా ఎదురు వైపు.

కోయకముందు గుర్తు పెట్టాలి. మొదటి రోజు పనికి వచ్చిన పిల్లాడికైనా అదే చెబుతారు. ఫోను మీది కోపంలో గుర్తు పెట్టకుండా కోసింది తనే. తోచిన చోట గీత గీసిందీ తనే. ఎటు దిక్కు అని అడిగినవాణ్ణి, పక్కానా అని మళ్ళీ అడిగినవాణ్ణి పదిమందిలో తిట్టిందీ తనే. ఆ టై కుర్రాడి మీద, జయకృష్ణ మీద మూడు రోజులుగా మోస్తున్న కోపం అట్లాగే ఉంది, కాని దాని మొహం ఇప్పుడు తన వైపు తిరిగింది. అది భరించడం ఇంకా కష్టంగా ఉంది.

బుష్ చెక్కుచెదరకుండా వెనక్కి లాగాడు. శ్రీలేఖ కవర్లో చుట్టి తమ ఫ్రీజర్‌లో పెట్టింది. రెండు గంటల తర్వాత తీసి, ఈసారి తెల్లటి అచ్చుకు సరిగ్గా పెట్టి బిగించారు. జయకృష్ణ కొత్త గ్లౌజులు వేసుకుని బుష్ పట్టుకున్నాడు. బుష్ రెండుసార్లు జారింది.

మధ్యాహ్నానికి బండి కదిలింది. ముందుకి, వెనక్కి. కాలనీ చివరిదాకా పోయి వచ్చింది. చప్పుడు లేదు.

"అదీ!" అని జయకృష్ణ బానెట్ మీద చరిచాడు. అక్కడే నిలబడి ఫోనులో టకటకా కొట్టి, "విను, పెట్టేశాను," అని చదివాడు. "మా కారు సమస్య తీరిపోయింది. బుష్‌లు అరగడమే కారణం. డ్రైవర్ సిద్దిరాములు తప్పేమీ లేదు. అతను మంచి పనివాడు. నిన్న అతనితో వచ్చిన చేపలాయన సరిగ్గా పట్టుకోకపోవడంతో రెండోసారి చేయాల్సి వచ్చింది. ఈరోజు నేనూ అతనూ కలిసి ఇంట్లోనే పూర్తిచేశాం. వీడియో త్వరలో."

"హ్యాపీయేనా?"

సిద్దిరాములుకి కావలసింది దొరికింది. పేరు తిరిగి వచ్చింది. నోట్లోంచి "అవ్ సార్" అని వచ్చేసింది కూడా. గేటు దాటకముందే పట్టాభిరామయ్యగారి ఫోను. "రేపు ఎనిమిదింటికి రావయ్యా. గ్రూపులో చూశాను. నిన్న అనవసరంగా ఆ మనిషి నీ పని చెడగొట్టాడు పాపం."

"సరే సార్," అన్నాడు. ఆ రెండు మాటలూ చేదుగా ఉన్నాయి.

శామీర్‌పేట చెరువు కట్ట మీద చేపలు తూకం వేస్తున్నారు. పదిమంది దాకా ఉన్నారు. మొగులయ్య వల విదిలించి గడ్డి తీస్తున్నాడు. బైకు దిగి సిద్దిరాములు అందరూ వినేలా అన్నాడు.

"మొగులూ, తప్పు నాది. గీత నేనే ఉల్టా గీసిన. నువ్వు మంచిగనే పట్టినవ్."

తూకం వేసేవాడు తలెత్తి చూసి మళ్ళీ రాళ్ళ వైపు తిరిగాడు. మొగులయ్య వల్లోంచి చిన్న పీతను తీసి నీళ్ళలోకి విసిరాడు.

"ఈడ అంటున్నవేంది బావా? ఈడ నన్ను ఎవలు తిట్టిన్రు?"

సిద్దిరాములు వంగి వల రెండో అంచు పట్టుకున్నాడు.

"మీ సారు ఏమన్న రాసిండా?"

"రాసిండు. నా తప్పు లేదన్నడు." మిగతాది కూడా చెప్పాడు. "సేపలాయన సరిగ పట్టలేదని రాసిండు."

"సేపలాయన," అన్నాడు మొగులయ్య. నవ్వలేదు, కోపపడలేదు. "పేరు గూడ తెల్వదు ఆళ్ళకు. పో బావా, పొద్దు గూకుతది. ఇంటికాడ మా ఈదమ్మక్క సూస్తుంటది."

*

సిద్దిరాములు ఇంటికి పోలేదు. నడక వేళకు మళ్ళీ మేడ్చల్ వచ్చాడు. ముప్పై నాలుగు ముందు, నిన్న తాను అరిచిన చోటే నిలబడ్డాడు. పట్టాభిరామయ్యగారు, ఆ ఇద్దరూ నడుచుకుంటూ వస్తున్నారు. జయకృష్ణ బండి కడుగుతున్నాడు. శ్రీలేఖ మెట్ల మీద ఉంది.

"సార్లూ, ఒక్క నిమిషం." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకున్నాడు. "నిన్న ఈడ నా బామ్మర్దిని తిట్టిన. మీరందరు ఇన్నరు. ఆయన తప్పు సేయలే. కోసేటప్పుడు గుర్తు వెట్టంది నేను. గీత ఉల్టా గీసింది నేను. ఆయన అడిగిండు, నేనే ఇనలే. తిట్టిన మాట వాపస్ తీస్కుంటున్న. ఆయన పేరు మొగులయ్య."

పైపులోంచి నీళ్ళు అట్లాగే పోతున్నాయి. జయకృష్ణ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎందుకయ్యా ఇదంతా? నీ మీద ఏమీ లేకుండా రాశాను కదా. ఇప్పుడు మళ్ళీ నీకే చెడ్డపేరు."

"ఉన్నదే రాయుండ్రి సార్. పేరు వెట్టి రాయుండ్రి."

పట్టాభిరామయ్యగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "అంటే నువ్వు కూడా పొరపాట్లు చేస్తావన్నమాట."

"చేస్త సార్. చెప్త గూడ."

పెద్దాయన ఏదో ఆలోచించారు. "సరేలే. రేపటి సంగతి నేను ఫోన్ చేసి చెబుతా," అని నడక సాగించారు. ఆ ఫోను రాదని సిద్దిరాములుకి తెలుసు. మూడు రోజులుగా పట్టేసిన మెడ మాత్రం కొంచెం సడలింది.

"మరి మీరో?" అంది శ్రీలేఖ మెట్ల మీంచి.

"నేనేంటి? రాశాను కదా, అతని తప్పు లేదని," అన్నాడు జయకృష్ణ.

"అతని తప్పు లేదని రాశారు. తప్పు మీదని రాయలేదు."

జయకృష్ణ పైపు కట్టేయడానికి పోయాడు. కట్టేసి, చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి పట్టుకుని నిలబడ్డాడు. శ్రీలేఖ అతని వైపే చూస్తోంది. ఆ ఇద్దరు నడకవాళ్ళు కూడా కదలకుండా ఉండిపోయారు. నిన్నటి సిద్దిరాములైతే ఆ వేళ్ళు కదిలేదాకా అక్కడే నిలబడేవాడు. ఇవాళ వెనక్కి తిరిగి బైకు తీశాడు.

గేటు ఎత్తుతూ లత అడిగింది. "ఏమైందన్నా? సారు రాస్తుండా?"

"ఏమో చెల్లే, ఆయిన ఇష్టం," అన్నాడు సిద్దిరాములు. "నాదైతే అయిపోయింది."